పరగడుపు మాత్ర... ఎన్నాళ్లు?

బెంగళూరులో మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా ఏ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది: "గ్యాస్ మాత్ర ఒక షీటు ఇవ్వండి." పక్కనున్న కన్నడిగుడు "గ్యాస్ట్రిక్ మాత్రె కొడి" అంటాడు. 2011 జనగణన ప్రకారం ఈ నగరంలో ప్రతి 100 మందిలో సుమారు 14 మంది మాతృభాష తెలుగు. ఏ భాషలో అడిగినా చేతికొచ్చే షీటు మీద చాలాసార్లు కనిపించే అంకె మాత్రం ఒకటే: 40. అంటే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు. ఈ మందుతో వచ్చే 'పాన్' మన దేశంలో బాగా అమ్ముడయ్యే బ్రాండ్లలో ఒకటి. ఇదే కుటుంబానికి చెందిన ఒమెప్రజోల్‌ను హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 'ఒమెజ్' పేరుతో ఊరూరా చేర్చింది.

షీటు కొనేవారికి 40 అంకె కంఠతా వచ్చు. ఇది షెడ్యూల్ హెచ్ మందు అనీ, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదనీ షీటు వెనకే అచ్చు వేసి ఉంటుంది. అయినా ఎన్ని రోజులు వేసుకోవాలన్నది అడిగేవారు తక్కువ, చెప్పేవారు ఇంకా తక్కువ. పుండు మానడానికి పట్టే కాలానికి లెక్కలున్నాయి. ఆ గడువు దాటి ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో, మధ్యలో హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో కూడా వేలమంది మీద పరీక్షించి చూశారు. అల్సర్ మందును క్షేమంగా వాడుకోవడమంటే ఆ అంకెలు తెలిసి వాడుకోవడమే.

ముందు కడుపు సంగతి చూద్దాం. మన జీర్ణాశయం రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లకు పైగా రసం ఊరిస్తుంది. ఖాళీ కడుపులో దాని పీహెచ్ 1.5, 2 మధ్య ఉంటుంది, అంటే నిమ్మరసం కన్నా ఘాటు. ఇంత ఆమ్లంలోనూ కడుపు గోడ కాలిపోకుండా ఒక జిగురు పొర కాపాడుతుంది. ఆ పొర దెబ్బతిన్నచోట ఆమ్లం గోడను తినేస్తే ఏర్పడేదే పుండు. జీర్ణాశయంలో వస్తే గ్యాస్ట్రిక్ అల్సర్, దాన్ని దాటాక చిన్నపేగు మొదట్లో వస్తే డుయోడెనల్ అల్సర్.

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్ అన్నీ ప్రోటాన్ పంప్ ఇన్‌హిబిటర్లు. ఆమ్లాన్ని బయటికి తోడే పంపులను ఇవి మూసేస్తాయి. మాత్ర రక్తంలో ఎక్కువసేపు నిలవదు, ఒక గంట గడిచేసరికి సగానికి తగ్గిపోతుంది. కానీ ఒకసారి మూసిన పంపు మళ్లీ తెరుచుకోదు. దాని స్థానంలో కొత్తది తయారుకావాలి. అందుకే గంటసేపు ఉండే మందు ఒక రోజంతా పనిచేస్తుంది.

మెలిక ఏమిటంటే, మందు మూయగలిగేది పనిచేస్తున్న పంపులనే. పంపులు ఎక్కువగా పనిలోకి దిగేది తిండి లోపలికి వెళ్లినప్పుడు. కాబట్టి మాత్ర రక్తంలోకి చేరేసరికి ఇడ్లీ కడుపులోకి చేరాలి. టిఫిన్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోమనడం వెనకున్న లెక్క ఇదే. పరగడుపున మాత్ర మింగి, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రెండు గంటలు గడిపి, ఆఫీసు క్యాంటీన్‌లో పదకొండింటికి తినేవారికి మందు సగం వృథా. భోజనం తర్వాత గుర్తొచ్చి వేసుకునేవారిదీ అదే పరిస్థితి. మాత్ర మీదున్న పూత ఆమ్లం నుంచి మందును కాపాడుతుంది కనుక నలిపి, పొడిచేసి వేసుకోకూడదు. పైగా ఒక్క మాత్రతో పంపులన్నీ మూతపడవు, పూర్తి ప్రభావం కనిపించడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మొదటి రోజే మంట తగ్గలేదని రెండో మాత్ర వేసుకోవడం, మందు మార్చడం తొందరపాటే.

ఇక ఎన్నాళ్లు? మామూలు డుయోడెనల్ పుండుకు 4 వారాలు. ఆ గడువులో పదింట తొమ్మిది పుండ్లు మానతాయి. గ్యాస్ట్రిక్ పుండుకు 8 వారాల దాకా పడుతుంది. ఒక తరం వెనక్కి వెళ్తే ఈ అంకెల విలువ అర్థమవుతుంది. 1976లో ఆమ్లాన్ని తగ్గించే సిమెటిడిన్ రాకముందు మానని అల్సర్‌కు మిగిలిన దారి ఆపరేషనే. జీర్ణాశయంలో కొంత భాగం కోసేసేవారు, లేదా ఆమ్లం ఊరించే నరాన్ని తెగ్గొట్టేవారు. 1981లో రానిటిడిన్, 1988లో ఒమెప్రజోల్ వచ్చాక ఆ ఆపరేషన్లు దాదాపు కనుమరుగయ్యాయి. రానిటిడిన్‌లో క్యాన్సర్ కారకం కావచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడింది 2019లో. అమెరికా 2020 ఏప్రిల్‌లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తప్పించింది. ఇంట్లో పాత రానిటిడిన్ షీట్లు మిగిలి ఉంటే వాటిని వాడకుండా, బదులు ఏం వాడాలో డాక్టర్‌ను అడగడం మంచిది.

పుండు మానింది, మరి కారణం?

నాలుగు వారాలు మాత్ర వేసుకున్నాక మంట పోతుంది. చాలామంది కథ అక్కడే ఆగుతుంది. ఆరు నెలల తర్వాత మంట మళ్లీ వస్తే మళ్లీ అదే షీటు. ఈ చక్రం తిరగడానికి కారణం ఒకటే: మందు ఆమ్లాన్ని తగ్గించింది, పుండుకు మూలాన్ని ఎవరూ వెతకలేదు.

పెద్ద మూలాలు రెండే. మొదటిది హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని పట్టుకున్నప్పుడు అంత ఆమ్లంలో సూక్ష్మజీవి బతకదని వైద్యలోకం కొట్టిపారేసింది. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగాడు. కొద్ది రోజుల్లో వాంతులు మొదలయ్యాయి, ఎండోస్కోపీలో కడుపు వాచి కనిపించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ప్రపంచ జనాభాలో దాదాపు సగం మందిలో ఈ బ్యాక్టీరియా ఉందని 2017లో వెలువడిన అంచనా. మన దేశంలో వాటా అంతకన్నా ఎక్కువ. ఇది ఉన్నవారందరికీ పుండు రాదు, జీవితకాలంలో వచ్చేది 10 నుంచి 20 శాతం మందికి. జీర్ణాశయ క్యాన్సర్ వచ్చేది ఒకటి రెండు శాతానికి. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది.

అసలు తేడా ఇక్కడుంది. ఈ బ్యాక్టీరియా వల్ల వచ్చిన పుండును పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం మాత్రతో మాత్రమే మాన్పి వదిలేస్తే, సగానికి పైగా రోగుల్లో ఏడాదిలోపే తిరగబెడుతుంది. బ్యాక్టీరియాను నిర్మూలిస్తే తిరగబెట్టేది పదిమందిలో ఒకరికి కూడా కాదు. ఆ నిర్మూలనకు 14 రోజుల కోర్సు ఉంది: ఆమ్లం మాత్ర రోజుకు రెండుసార్లు, తోడుగా రెండు మూడు రకాల మందులు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు బ్యాక్టీరియా లొంగని చోట బిస్మత్ కలిపిన నాలుగు మందుల కోర్సు ఇస్తున్నారు. ఐదో రోజుకే హాయిగా అనిపించి ఆపేసినవారి కడుపులో మిగిలేది మందుకు అలవాటుపడిన బ్యాక్టీరియా.

పరీక్షలోనూ ఒక చిక్కుంది. ఆమ్లం మాత్ర బ్యాక్టీరియాను చంపకుండా అణచిపెడుతుంది. దాంతో శ్వాస పరీక్షలో, మల పరీక్షలో అది లేదన్నట్టు తేలవచ్చు. అందుకే పరీక్షకు రెండు వారాల ముందు ఈ మాత్రను, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్స్‌ను ఆపమంటారు. కోర్సు ముగిశాక కనీసం 4 వారాలు ఆగి, బ్యాక్టీరియా పోయిందో లేదో మళ్లీ చూడాలి. ఈ రెండో పరీక్ష చేయించుకోనివారే ఎక్కువ. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష దీనికి పనికిరాదు, బ్యాక్టీరియా పోయినా అవి చాలాకాలం మిగులుతాయి.

కర్ణాటకకు ఈ చరిత్రలో ఒక పేజీ ఉంది. రైల్వే వైద్యుడు ఎస్.ఎల్.మల్హోత్రా 1964లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో, ఉత్తరాది కంటే దక్షిణాదిలో అల్సర్లు ఎక్కువని రాశారు. మైసూరు హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆస్పత్రిలో సర్జన్‌గా పనిచేసిన ఫ్రాంక్ టోవీ కూడా ఇదే దారిలో ఏళ్ల తరబడి వెతికారు. 1979లో ఆయన గీసిన చిత్రం ప్రకారం పాలిష్ బియ్యం ప్రధానాహారమైన చోట డుయోడెనల్ అల్సర్లు ఎక్కువ, పొట్టు తీయని గోధుమ, చిరుధాన్యాలు తినే చోట తక్కువ. బ్యాక్టీరియా బయటపడ్డాక ఈ చర్చ వెనక్కి వెళ్లింది కానీ, ఆ బ్యాక్టీరియా అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నప్పుడు పుండ్లు కొన్నిచోట్లే ఎందుకు ఎక్కువన్న ప్రశ్న నిజమైనది. అలాగని రాగి సంగటి తిని మాత్ర మానేయమని దీని అర్థం కాదు. తిండి ప్రభావం ఇప్పటికీ ఊహ స్థాయిలోనే ఉంది, బ్యాక్టీరియా చికిత్స రుజువైనది.

కారం సంగతీ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆంధ్రా మెస్ భోజనం మీద అల్సర్ నింద చాలాకాలంగా ఉంది. 1988లో అమెరికాలో 12 మంది ఆరోగ్యవంతులకు వేర్వేరు రోజుల్లో చప్పిడి భోజనం, ఆస్పిరిన్‌తో చప్పిడి భోజనం, ఘాటైన మిరపకాయల భోజనం పెట్టి ఎండోస్కోపీలో చూశారు. ఆస్పిరిన్ తీసుకున్నప్పుడు దాదాపు అందరి కడుపులోనూ గాట్లు పడ్డాయి. మిరపకాయలతో చెప్పుకోదగ్గ దెబ్బేమీ కనబడలేదు. గుంటూరు కారం అప్పటికే ఉన్న పుండును మండించవచ్చు. అది కొత్తగా పుండు పుట్టిస్తుందనడానికి ఆధారం లేదు.

నొప్పి మాత్రలు, గుండె మాత్రలు

పుండుకు రెండో మూలం ఆ మిరపకాయల ప్రయోగంలోనే ఉంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో జిగురు పొరను తయారుచేసే ప్రోస్టాగ్లాండిన్లను అణచేస్తాయి. వీటిని క్రమం తప్పకుండా వాడేవారిలో 15 నుంచి 30 శాతం మందికి ఎండోస్కోపీలో పుండ్లు కనిపిస్తాయి. వాళ్లలో చాలామందికి నొప్పే ఉండదు. బెంగళూరు కంపెనీ మైక్రో ల్యాబ్స్ తయారుచేసే డోలో 650 అనగానే గుర్తొచ్చే పారాసిటమాల్ ఈ కోవలోది కాదు. మామూలు మోతాదులో అది కడుపుకు ఇలాంటి హాని చేయదు. రెండు రోజుల జ్వరానికి పారాసిటమాల్‌తో పాటు ఆమ్లం మాత్ర వేసుకోవడం మనవాళ్ల అలవాటు, చాలామందికి దాని అవసరం లేదు.

గుండె రోగుల లెక్క వేరు. స్టెంట్ వేసుకున్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రాస్తారు. ఈ రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అనంతపురం, హిందూపురం, చిత్తూరు నుంచి బెంగళూరు జయదేవ గుండె ఆస్పత్రికి వచ్చి స్టెంట్ వేయించుకుని తిరిగి వెళ్లే రాయలసీమ కుటుంబాలకు ఇది నేరుగా పనికొచ్చే సంగతి. 2010లో వెలువడిన కోజెంట్ అధ్యయనంలో ఈ రెండు మందులు వాడుతున్న 3,761 మందిని చూశారు. 180 రోజుల్లో ఒమెప్రజోల్ కలిపినవారిలో 1.1 శాతం మందికి, కలపనివారిలో 2.9 శాతం మందికి జీర్ణాశయ సమస్యలొచ్చాయి. అంటే వెయ్యికి 29 నుంచి 11కు తగ్గింది. ఇలాంటివారు "గ్యాస్ మాత్రే కదా" అని తమంతట తాము మానేయడం ప్రమాదకరం. 65 ఏళ్లు దాటినవారికి, గతంలో పుండు నుంచి రక్తం కారినవారికి మరీ ప్రమాదం. అయితే ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని కొంత తగ్గించగలవని అమెరికా ఔషధ సంస్థ 2009లోనే హెచ్చరించింది. పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. ఏ మాత్ర రాశారో గుండె డాక్టర్‌ను ఒకసారి అడగాలి.

నొప్పి మాత్రలు చేసే హానిని నేరుగా పూడ్చడానికి తయారైన మందు మిసోప్రోస్టాల్. అది పోయిన ప్రోస్టాగ్లాండిన్‌కు బదులుగా పనిచేస్తుంది. 1995లో 8,843 మంది కీళ్లవాత రోగులపై ఆరు నెలలు జరిగిన పరీక్షలో, 200 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు ఇస్తే తీవ్ర సమస్యలు 40 శాతం తగ్గాయి. విడమరిచి చూస్తే మందు వాడినవారిలో 25 మందికి, వాడనివారిలో 42 మందికి. కానీ విరేచనాలు తట్టుకోలేక చాలామంది మధ్యలో మానేశారు. అంతకన్నా ముఖ్యం, ఈ మందు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. గర్భిణులు, గర్భం వచ్చే అవకాశమున్నవారు దీన్ని అల్సర్ మందుగా తీసుకోకూడదు. ఇంట్లో మామ్మ కోసం రాసిన షీటు కోడలు వాడటమంత ప్రమాదం మరొకటి లేదు.

సుక్రాల్ఫేట్ సిరప్ సంగతి సులువు. అది పుండు మీద పట్టు వేసినట్టు అంటుకుని కాపాడుతుంది. ఒక గ్రాము చొప్పున రోజుకు నాలుగుసార్లు, ఖాళీ కడుపున. మిగతా మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే వాటిని పట్టేసి రక్తంలోకి చేరనివ్వదు. ఇందులో అల్యూమినియం ఉంటుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవారు అడగకుండా తాగకూడదు. షీటు మీద పేరు చివర 'డి' ఉంటే అందులో డోంపెరిడోన్ కలిసినట్టు. అది వికారానికి మందు, పుండును మాన్పదు. గుండె లయ తప్పించే ముప్పు వల్ల ఐరోపా ఔషధ సంస్థ 2014లో దాన్ని తక్కువ మోతాదుకు, కొద్ది రోజులకు పరిమితం చేసింది. అల్సర్‌కు నెలల తరబడి 'డి' మాత్ర వాడటంలో అర్థం లేదు.

భయం ఎంత, నిజం ఎంత

వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో పాంటోప్రజోల్ లాంటి ఆమ్లం మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయి, ఎముకలు విరగ్గొడతాయి. దీనికి మూలం పెద్ద పరిశీలనలే. 2016లో అమెరికాలో 10,482 మందిని అనుసరించిన పరిశీలనలో, ఈ మాత్రలు వాడేవారిలో పదేళ్లలో దీర్ఘకాల కిడ్నీ జబ్బు ముప్పు 11.8 శాతంగా తేలింది. వాడకపోయి ఉంటే అది 8.5 శాతం ఉండేదని అంచనా. కానీ మాత్ర వాడేవారు ముందే ఎక్కువ జబ్బులున్నవారు కావచ్చు, ఇలాంటి పరిశీలన ఆ చిక్కును పూర్తిగా విడదీయలేదు. విడదీసే పరీక్ష 2019లో వచ్చింది. 33 దేశాల్లో 17,598 మందికి చీటీలు తీసినట్టు కొందరికి పాంటోప్రజోల్ 40, కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చి మూడేళ్లు చూశారు. స్పష్టంగా పెరిగింది పేగు ఇన్ఫెక్షన్లు మాత్రమే: 1.0 శాతం నుంచి 1.4కు, అంటే వెయ్యి మందిలో అదనంగా నలుగురికి. ఆమ్లం తగ్గితే తిండితో వచ్చే క్రిములు బతికిపోతాయి కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

మూడేళ్లు మాత్రమే చూశారు కాబట్టి ఇరవై ఏళ్ల వాడకానికి ఇది పూర్తి భరోసా కాదు. అరుదుగా కిడ్నీలో హఠాత్తుగా వాపు వస్తుంది, అది నిజమే. మన దేశంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది బీ12. రెండేళ్లకు మించి ఈ మాత్రలు వాడినవారిలో బీ12 లోపం ముప్పు సుమారు 65 శాతం ఎక్కువని 2013లో 25,956 మంది రోగులున్న పరిశీలన చూపింది. మనలో శాకాహారులు చాలామంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బీ12ను తగ్గిస్తుంది. శాకాహారం, మెట్‌ఫార్మిన్, ఏళ్ల తరబడి ఆమ్లం మాత్ర, ఈ మూడూ కలిసినవారు అరికాళ్ల తిమ్మిర్లను షుగర్ ఖాతాలో వేసి వదిలేయకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర వాడేవారిలో వాటి శోషణ కూడా తగ్గవచ్చు. మాత్ర వల్ల తేడా చేసిందనిపిస్తే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కు ఎవరైనా చెప్పవచ్చు.

ఇక ఆపడం. డెన్మార్క్‌లో 2009లో కడుపు జబ్బేమీ లేని 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 8 వారాలు ఇసోమెప్రజోల్ 40, తర్వాత 4 వారాలు ఉత్త మాత్ర. రెండో జట్టుకు 12 వారాలూ ఉత్త మాత్రే. చివరి నాలుగు వారాల్లో ఆమ్లం బాధలు చెప్పినవారు మొదటి జట్టులో 44 శాతం, రెండో దాంట్లో 15 శాతం. జబ్బు లేనివారికి మందు ఇచ్చి ఆపితేనే గుండెల్లో మంట మొదలైంది! అణచిపెట్టిన ఆమ్లం మందు ఆగగానే ఎగసిపడటమే దీనికి కారణం. "ఆపి చూశానండీ, మంట తిరిగొచ్చింది, నాకిది జీవితాంతం వాడాల్సిందే" అనేవారిలో ఎందరు ఈ ఎగసిపాటునే జబ్బు అనుకుంటున్నారో! కొద్ది వారాలు ఓర్చుకుంటే అది చాలామందిలో తగ్గుతుంది. నెలల తరబడి వాడినవారు డాక్టర్‌తో మాట్లాడి మోతాదు సగం చేయడం, రోజు విడిచి రోజు వేసుకోవడం, మధ్యలో మంటకు యాంటాసిడ్ వాడటం వంటి దారుల్లో దిగవచ్చు. గుండె మాత్రలతో పాటు వాడేవారు, అన్నవాహిక తీవ్రంగా దెబ్బతిన్నవారు మాత్రం ఈ ప్రయత్నం సొంతంగా చేయకూడదు.

గ్యాస్ట్రిక్ పుండు ఉన్నవారికి మరో జాగ్రత్త. ఈ మాత్ర క్యాన్సర్ పుండు మంటను కూడా కొంతకాలం తగ్గించగలదు. అందుకే 8 వారాల తర్వాత చాలామందికి ఎండోస్కోపీ మళ్లీ చేసి, పుండు నిజంగా మానిందా అని చూస్తారు. మంట లేదని ఆ రెండో ఎండోస్కోపీ ఎగ్గొట్టకూడదు. బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, కారణం తెలియని రక్తహీనత ఉంటే షీటు కొనేముందే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనమైనా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడిలాంటి ముక్కలు గానీ పడినా, కడుపులో హఠాత్తుగా పొడిచినట్టు నొప్పొచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుపోయినా అది మాత్రతో పోయే సంగతి కాదు. ఐరన్, బిస్మత్ మాత్రలు వాడేవారికీ మలం నల్లబడుతుంది కానీ, తల తిరగడం, చెమటలు పట్టడం తోడైతే అలా సరిపెట్టుకోకూడదు. హాంకాంగ్‌లో 240 మందిపై చేసిన పరీక్ష 2000లో వెలువడింది. ఎండోస్కోపీతో రక్తం ఆపిన తర్వాత ఒమెప్రజోల్‌ను నరంలోకి 72 గంటలు ఎక్కిస్తే, నెల రోజుల్లో మళ్లీ రక్తం కారడం 22.5 శాతం నుంచి 6.7 శాతానికి తగ్గింది. ఆ చికిత్స దొరికేది ఆస్పత్రిలోనే. కర్ణాటకలోనైనా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనైనా అంబులెన్స్ నంబరు 108. బయల్దేరేటప్పుడు రోగి వాడుతున్న మాత్రల షీట్లన్నీ, ముఖ్యంగా నొప్పి మాత్రలవి, రక్తం పలచబరిచే మందులవి, ఒక సంచిలో వేసుకుని డాక్టర్ చేతికివ్వాలి.